టెర్మినల్‌లో చక్కగా నడిచే స్క్రిప్ట్ అప్లికేషన్ నుంచి నడిపితే ఎందుకు మొరాయిస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పైథాన్‌లో టికింటర్‌తో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) ఒక చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్ రాశారు. బటన్ నొక్కితే వేరే స్క్రిప్ట్ ఒకటి నడవాలి, అది ప్రింట్ చేసేదంతా కింద ఉన్న టెక్స్ట్ బాక్సులో ఎప్పటికప్పుడు కనబడాలి. కానీ బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోయి "నాట్ రెస్పాండింగ్" అంటోంది, అవుట్‌పుట్ అంతా చివర్లో ఒక్కసారిగా వచ్చి పడుతోంది, పెద్ద ఫైళ్లు ఇస్తే అసలు రానే రావడం లేదు. అదే స్క్రిప్ట్ టెర్మినల్‌లో మాత్రం ఏ గొడవా లేకుండా నడుస్తోంది.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. వేరే ప్రోగ్రామ్‌ని నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లో రన్ (స్క్రిప్ట్ ముగిసేదాకా ఆగుతుంది) వాడుతుంటే, దాని బదులు పోపెన్ (మొదలుపెట్టి వెంటనే వెనక్కి వస్తుంది) వాడండి. అవుట్‌పుట్ చదివే పని వేరే థ్రెడ్‌కి (అదే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే ఇంకో పని వరస) అప్పగించండి. ఆ థ్రెడ్ చదివిన ప్రతి పంక్తినీ ఒక క్యూలో వెయ్యాలి, విండోని చూసుకునే మెయిన్ థ్రెడ్ కాసేపటికోసారి ఆ క్యూ చూసి బాక్సులో రాయాలి. దాంతోపాటు స్టాండర్డ్ ఎర్రర్‌ని (తప్పులు, హెచ్చరికలు వెళ్లే దారి) స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోనే (మామూలు ప్రింట్లు వెళ్లే దారి) కలిపెయ్యండి, స్క్రిప్ట్‌ని పైథాన్ "మైనస్ యు" (అవుట్‌పుట్‌ని పోగుచెయ్యకుండా వెంటనే పంపే) ఆప్షన్‌తో మొదలుపెట్టండి, స్టాండర్డ్ ఇన్‌పుట్‌కి డెవ్‌నల్ (ఎప్పుడు చదివినా ఖాళీగా ఉండే ఉత్తుత్తి ఫైలు) ఇవ్వండి, రెండు వైపులా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి ఈ మార్పులు చేసుకోండి, మీరు చెప్పిన మూడు లక్షణాలూ పోవాలి.

ఇక కారణాలు. నేను ఇలాంటి పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, ఈ విషయంలో నాకు అర్థమైంది ఒక్కటే: టెర్మినల్‌లో స్క్రిప్ట్ నడిపినప్పుడు మనకి తెలియకుండా టెర్మినల్, షెల్ కలిసి బోలెడు పనులు చేసిపెడతాయి. స్క్రిప్ట్ రాసినది రాసినట్టు ఎవరో ఒకరు చదువుతూ ఉంటారు, పంక్తి పూర్తవగానే బయటికి వస్తుంది, ప్రోగ్రామ్ ఎక్కడుందో షెల్ వెతికిపెడుతుంది, ఇన్‌పుట్ అడిగితే ఇవ్వడానికి మనం కీబోర్డు ముందే ఉంటాం, కంట్రోల్-సి కొడితే అన్నీ ఆగుతాయి. మీ అప్లికేషన్ నుంచి నడిపారంటే టెర్మినల్ అక్కడ లేదు. దాని డ్యూటీ అంతా మీ నెత్తిన పడింది. ఏ డ్యూటీ మర్చిపోతే ఆ రకం తంటా వస్తుంది.

విండో బిగుసుకుపోవడం వీటిలో తేలికైనది. టికింటర్ మెయిన్‌లూప్ అంటే ఒకే థ్రెడ్ మౌస్ నొక్కులు, కీబోర్డు, విండో మళ్లీ గీయడం అన్నీ వంతులవారీగా చూసుకోవడం. మీ బటన్ ఫంక్షన్‌లో రన్ పిలిచారంటే స్క్రిప్ట్ అయ్యేదాకా ఆ ఫంక్షన్ వెనక్కి రాదు, అంతసేపూ మెయిన్‌లూప్ ఆగిపోయినట్టే. పది సెకన్ల స్క్రిప్ట్ అయితే పది సెకన్లు విండో చచ్చినట్టు పడి ఉంటుంది. కొందరు ఈ రన్ చుట్టూ "అప్‌డేట్" పిలుపులు ఇరికించి నెట్టుకొస్తారు, అది పనిచేసినట్టే కనిపించి, యూజర్ అదే బటన్ రెండోసారి నొక్కిన రోజున కొంప ముంచుతుంది.

థ్రెడ్ పెట్టాక జనం చేసే తప్పు, ఆ థ్రెడ్‌లోంచే నేరుగా టెక్స్ట్ బాక్సులో ఇన్సర్ట్ చెయ్యడం. ఇది మీ మెషీన్లో నడుస్తుంది, మీ పక్కవాళ్ల దగ్గర కూడా నడుస్తుంది, తర్వాత ఎక్కడో విండో మూసే సమయంలో అంతా బిగుసుకుపోతుంది, కారణం పట్టుకోవడానికి వారం పడుతుంది. విండోలో ఏ విడ్జెట్‌ని అయినా మెయిన్ థ్రెడ్ మాత్రమే ముట్టుకోవాలి. అందుకే మధ్యలో క్యూ. మెయిన్ థ్రెడ్‌లో "ఆఫ్టర్"తో 100 మిల్లీసెకన్లకి ఒకసారి నడిచే చిన్న ఫంక్షన్ పెట్టుకుని, క్యూలో ఉన్నవన్నీ తీసి, ఒకే స్ట్రింగ్‌గా కలిపి, ఒక్కసారి ఇన్సర్ట్ చెయ్యండి. పంక్తికొక ఇన్సర్ట్ చేశారంటే, స్క్రిప్ట్ లక్ష పంక్తులు కక్కిన రోజున థ్రెడ్ పెట్టిన ఫలితం కూడా దక్కదు, ఈసారి విండోని ముంచేది మీ ఇన్సర్ట్‌లే. బాక్సులో 5,000 పంక్తులు దాటితే పైనుంచి తీసెయ్యడం, పూర్తి లాగ్ ఒక ఫైల్లో రాసుకోవడం నా అలవాటు. లక్ష పంక్తుల బాక్సుని పైకీ కిందికీ జరుపుతూ చదివిన యూజర్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం, "అవుట్‌పుట్ రానే రావడం లేదు" అన్నారే, అది.

చైల్డ్ ప్రాసెస్‌కీ (అంటే మీ అప్లికేషన్ మొదలుపెట్టిన స్క్రిప్ట్‌కీ) మీ అప్లికేషన్‌కీ మధ్య ఉన్న పైపు ఒక చిన్న తొట్టి లాంటిది. స్క్రిప్ట్ ఒక పక్క నుంచి పోస్తుంది, మీరు రెండో పక్క నుంచి తోడాలి. ఆ తొట్టికి కొలత ఉంది: లినక్స్‌లో మామూలుగా 65,536 బైట్లు, విండోస్‌లో ఇంకా చిన్నది. తొట్టి నిండిందంటే స్క్రిప్ట్ తన ప్రింట్ దగ్గరే ఆగిపోతుంది, ఎర్రర్ రాదు, ఏ సందేశమూ రాదు, అలా నిలబడిపోతుంది. మీరేమో "వెయిట్" పిలిచి స్క్రిప్ట్ అయిపోతే అప్పుడు చదువుదాంలే అని కూర్చున్నారు. అది మీరు తోడతారని చూస్తోంది, మీరు అది ముగుస్తుందని చూస్తున్నారు. ఇద్దరూ కదలరు. చిన్న ఫైళ్లకి బాగా నడిచి పెద్ద ఫైళ్లకి ఆగిపోవడం దీని ముఖ్య లక్షణం, మీరు చెప్పింది సరిగ్గా అదే.

నాకు ఇది తగిలిన తీరు చెప్తాను. ఒక ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ వేరే ఫార్మాట్‌లోకి మార్చే స్క్రిప్ట్, దాని ముందు మేము తగిలించిన విండో. మా దగ్గర నలభై ఫైళ్లతో పరీక్ష చేశాం, బ్రహ్మాండం. వాడేవాళ్ల దగ్గర వెయ్యి ఫైళ్లు, ప్రతిసారీ 328వ ఫైలు దగ్గర ఆగిపోతోంది. ఆ ఫైలు పాడైందనుకుని దాన్ని తీసేయించాం. ఈసారి దాని తర్వాతి ఫైలు దగ్గర ఆగింది, అంటే మళ్లీ 328వదే. అక్కడ తట్టాలి, తట్టలేదు, ఆ రెండో ఫైలు కూడా తీసేయించాం! తర్వాత తాపీగా చూస్తే ఆ కన్వర్టర్ ప్రతి ఫైలుకీ సరిగ్గా 200 బైట్ల హెచ్చరిక ఒకటి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాస్తోంది. మేము స్టాండర్డ్ ఎర్రర్‌కి కూడా పైపు పెట్టాం కానీ చదివేది స్టాండర్డ్ అవుట్‌పుట్ ఒక్కటే. 65,536ని 200తో భాగించి చూడండి, 327 పోను కొంచెం మిగులుతుంది. 328వ హెచ్చరిక పూర్తిగా పట్టడానికి తొట్టిలో చోటు లేదు.

అందుకే రెండింటినీ ఒకే పైపులో కలిపెయ్యమన్నాను. పోపెన్‌కి ఎస్‌టీడీఎర్రర్ దగ్గర "ఎస్‌టీడీఅవుట్" అనే విలువ ఇస్తే చాలు. రెండూ విడివిడిగానే కావాలంటే (తప్పుల్ని ఎర్ర రంగులో చూపించాలని చాలామందికి ఉంటుంది) రెండు థ్రెడ్లు పెట్టి రెండింటినీ చదవాలి, ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకేసారి. విడగొట్టారంటే ఏ పంక్తి ముందు, ఏది వెనక అన్న వరసకి గ్యారంటీ ఉండదని మాత్రం గుర్తుంచుకోండి. వచ్చేది కొంచెమే, చివర్లో ఒకేసారి వచ్చినా పరవాలేదు అనుకుంటే "కమ్యూనికేట్" వాడండి, అది రెండు పైపుల్నీ ఒకేసారి తోడుతుంది, ఈ బిగుసుకుపోయే సమస్య రాదు. రన్ లోపల జరిగేది కూడా అదే. కాబట్టి రన్ చెడ్డదేమీ కాదు, మెయిన్ థ్రెడ్‌లో పిలవడం చెడ్డది, అంతే.

సరే, థ్రెడ్ పెట్టారు, పంక్తి పంక్తీ చదువుతున్నారు, అయినా అవుట్‌పుట్ చివర్లోనే వస్తోంది. ఇక్కడ చాలామంది తమ కోడ్‌నే పదిసార్లు తిరగరాసుకుంటారు, తప్పు అక్కడ లేదు. తప్పు స్క్రిప్ట్ వైపు ఉంది, దాన్ని తప్పనడానికి కూడా లేదు. ఏ ప్రోగ్రామ్ అయినా తన అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తోందా, పైపులోకి వెళ్తోందా అని చూసుకోగలదు. టెర్మినల్ అయితే పంక్తి పూర్తవగానే పంపిస్తుంది. పైపు అయితే "ఎవరో మనిషి కూర్చుని చూడటం లేదు కదా" అనుకుని కొన్ని వేల బైట్లు పోగుచేసి ఒక్కసారి వదులుతుంది. సి లైబ్రరీ అంతే, పైథాన్ కూడా అంతే, పైథాన్‌లో ఆ మూట చాలా వెర్షన్లలో 8,192 బైట్లు. మీ స్క్రిప్ట్ సెకనుకి ఒక చిన్న పంక్తి ప్రింట్ చేస్తే ఆ మూట నిండటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోపు స్క్రిప్టే అయిపోతుంది, ఉన్నదంతా ఒక్కసారి వచ్చి పడుతుంది.

దీనికి మందు స్క్రిప్ట్‌ని బట్టి ఉంటుంది. పైథాన్ స్క్రిప్ట్ అయితే మైనస్ యు, లేదంటే "పైథాన్ అన్‌బఫర్డ్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రామ్‌కి బయటి నుంచి అందే సెట్టింగ్) 1 ఇవ్వడం. స్క్రిప్ట్ మీదే అయితే ముఖ్యమైన ప్రింట్లలో ఫ్లష్ ట్రూ అని పెట్టుకోవచ్చు, కానీ ఏదో ఒక ప్రింట్‌లో మర్చిపోతారు, మైనస్ యు నయం. సి లో రాసిన ప్రోగ్రామ్ అయితే లినక్స్‌లో "ఎస్‌టీడీబఫ్" అనే కమాండ్ ముందు తగిలించి పంక్తి బఫరింగ్ అడగొచ్చు, అయితే ఆ ప్రోగ్రామ్ తన బఫరింగ్ తానే సెట్ చేసుకున్నా, స్టాటిక్‌గా లింక్ అయి ఉన్నా (అంటే లైబ్రరీల్ని తనలోనే కలిపేసుకున్నా) ఇది పనిచెయ్యదు. అప్పుడు మిగిలేది సూడో టెర్మినల్ (టెర్మినల్‌లా నటించేది) ఇచ్చి దాన్ని మభ్యపెట్టడం. అంతదాకా వెళ్లకుండా ఉంటే మంచిది, ఎందుకంటే టెర్మినల్ అని నమ్మిందంటే రంగుల కోడ్లు, ప్రోగ్రెస్ బార్లు కూడా పంపడం మొదలుపెడుతుంది, మీ బాక్సు నిండా పిచ్చి గుర్తులు వస్తాయి.

ప్రోగ్రెస్ బార్ అంటే గుర్తొచ్చింది. చాలా ప్రోగ్రామ్‌లు శాతం చూపించేటప్పుడు కొత్త పంక్తికి వెళ్లవు, క్యారేజ్ రిటర్న్ పంపి అదే పంక్తి మీద మళ్లీ రాస్తాయి. మీరు బైట్లుగా తీసుకుని కొత్త పంక్తి గుర్తు కోసం చూస్తుంటే శాతం నూరు అయ్యేదాకా ఏమీ రాదు. పైథాన్ టెక్స్ట్ మోడ్‌లో చదివితే క్యారేజ్ రిటర్న్‌ని కూడా పంక్తి ముగింపుగానే తీసుకుంటుంది, కాబట్టి శాతాలు వస్తాయి కానీ ఒకదాని కింద ఒకటిగా నూరు పంక్తులు. ఏది కావాలో మీరే తేల్చుకోండి. నేనైతే ఆ ప్రోగ్రామ్‌కి ప్రోగ్రెస్‌ని మామూలు పంక్తులుగా ఇచ్చే ఆప్షన్ ఉందేమో ముందు చూస్తాను.

ఇక ఎన్‌కోడింగ్. తెలుగు అక్షరాలు ప్రింట్ చేసే స్క్రిప్ట్ రాసేవాళ్లకి ఇది తప్పకుండా తగులుతుంది. విండోస్‌లో పైథాన్ 3.6 నుంచి కన్సోల్‌లోకి ప్రింట్ చేసేటప్పుడు యూనికోడ్‌లో నేరుగా రాస్తుంది, అందుకే అక్కడ ఎర్రర్ రాదు. అదే స్క్రిప్ట్‌ని పైపులోకి మళ్లించగానే సిస్టమ్ పాత కోడ్ పేజీకి, చాలా మెషీన్లలో 1252కి, వెళ్లిపోతుంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మొదటి తెలుగు ప్రింట్ దగ్గరే "యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్" అని స్క్రిప్ట్ కూలిపోతుంది. టెర్మినల్‌లో బాగుంది, అప్లికేషన్‌లో చచ్చింది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. చైల్డ్ ప్రాసెస్‌కి ఇచ్చే ఎన్విరాన్‌మెంట్‌లో "పైథాన్ యూటీఎఫ్8" వేరియబుల్‌కి 1 పెట్టండి (3.7 నుంచి ఉంది), మీ వైపు పోపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఎర్రర్స్ దగ్గర "రీప్లేస్" ఇవ్వండి. రీప్లేస్ ఎందుకంటే ఎవరో రాసిన టూల్ ఒక్క చెత్త బైటు పంపినా మీ చదివే థ్రెడ్ ఎక్సెప్షన్‌తో చచ్చిపోతుంది, థ్రెడ్ చస్తే తొట్టి తోడేవాళ్లు లేరు, మళ్లీ కథ మొదటికే.

బైట్లని ముక్కలుగా చదివి చేత్తో డీకోడ్ చేసేవాళ్లకి ఇంకో మాట. "తెలుగు" అనే మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, గుణింతం గుర్తులతో కలిపి ఆరు కోడ్లు, ఒక్కోటి మూడేసి బైట్లు. మీరు చదివిన ముక్క ఆ మూడింటి మధ్యలో తెగితే అక్కడ డైమండ్ ఆకారంలో ప్రశ్నార్థకం పడుతుంది. ఇంగ్లిష్ అవుట్‌పుట్‌తో ఎంత పరీక్షించినా ఇది బయటపడదు. టెక్స్ట్ మోడ్ వాడితే పైథానే చూసుకుంటుంది, లేదంటే ఇంక్రిమెంటల్ డీకోడర్ (తెగిన బైట్లని తర్వాతి ముక్క వచ్చేదాకా దాచిపెట్టుకునేది) వాడాలి. క్యూటీలో (టికింటర్ లాంటిదే, ఇంకో విండోల లైబ్రరీ) వేరే ప్రోగ్రామ్‌ని నడిపే క్యూప్రాసెస్ ఇచ్చే బైట్లని నేరుగా డీకోడ్ చేసేవాళ్లు దీన్ని తరచూ మర్చిపోతారు.

ఎన్విరాన్‌మెంట్ అన్నాను కాబట్టి: పోపెన్‌కి ఎన్విరాన్‌మెంట్ ఇస్తే అది ఉన్నదానికి కలవదు, ఉన్నది మొత్తం పోయి మీరిచ్చిందే మిగులుతుంది. ఉన్నదాన్ని ముందు కాపీ చేసుకుని దానికి మీ వేరియబుల్ చేర్చండి. ఒక్క వేరియబుల్‌తో డిక్షనరీ ఇచ్చి, పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) పోయి, విండోస్‌లో సిస్టమ్‌రూట్ కూడా పోయి, చైల్డ్ పైథాన్ మొదలవకుండానే ఎందుకు పడిపోతోందో అర్థంకాక కూర్చున్నవాళ్లని చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మ్యాక్‌లో ఇంకో ముడి ఉంది. ఐకాన్ నొక్కి తెరిచిన అప్లికేషన్‌కి మీ షెల్ సెట్టింగ్స్ ఫైల్లో రాసుకున్న పాత్ రాదు, సిస్టమ్ ఫోల్డర్లు నాలుగు మాత్రమే ఉంటాయి. హోమ్‌బ్రూతో (మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే టూల్) వేసుకున్నవి ఏవీ అందులో ఉండవు. మీరు కోడ్ రాసేటప్పుడు టెర్మినల్ నుంచి నడుపుతారు కాబట్టి మీకు అన్నీ దొరుకుతాయి, యూజర్‌కి "ఫైల్ నాట్ ఫౌండ్". బయటి ప్రోగ్రామ్‌కి పూర్తి పాత్ ఇవ్వండి, కనీసం సెట్టింగ్స్‌లో అది ఎక్కడుందో అడిగే పెట్టె ఒకటి పెట్టండి. వర్కింగ్ డైరెక్టరీ కూడా ఇంతే, స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో నడవాలో పోపెన్‌కి సీడబ్ల్యూడీలో చెప్పాలి, చెప్పకపోతే అప్లికేషన్ ఎక్కడ తెరుచుకుంటే అక్కడే.

పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ ప్రోగ్రామ్‌ని నేరుగా నడిచే అప్లికేషన్‌గా మార్చే టూల్) ప్యాక్ చేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మామూలుగా మనం చైల్డ్ పైథాన్‌కి "సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్" ఇస్తాం. ప్యాక్ చేశాక అది పైథాన్ కాదు, మీ అప్లికేషనే! నేను ఒకసారి అప్లికేషన్ తెరవగానే ఒక చిన్న తనిఖీ స్క్రిప్ట్ నడిపేలా పెట్టి, ప్యాక్ చేసి, పరీక్షించకుండా ఒక సహోద్యోగికి పంపాను. తెరిచారు. ఒక విండో వచ్చింది, అది ఇంకో విండోని తెరిచింది, అది ఇంకోదాన్ని, చివరికి ఆ మనిషి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు. ప్యాక్ చేసిన వెర్షన్‌లో ఉన్నామా లేదా అన్నది "సిస్ డాట్ ఫ్రోజెన్" చూసి తెలుసుకోవచ్చు, ఉంటే పైథాన్‌ని విడిగా ఇవ్వాలి, లేదంటే మీ అప్లికేషనే ఒక ప్రత్యేక ఆర్గ్యుమెంట్ చూసి విండో తెరవకుండా స్క్రిప్ట్ పని చేసి వెళ్లిపోయేలా రాసుకోవాలి. నేనిప్పుడు రెండోదే చేస్తున్నాను.

విండోస్‌లో నల్లటి కన్సోల్ విండో ఒక్క క్షణం మెరిసి పోతుంటే, క్రియేషన్ ఫ్లాగ్స్‌లో "క్రియేట్ నో విండో" ఇవ్వండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇన్‌పుట్ మూసెయ్యడం ఎందుకంటే, స్క్రిప్ట్ మధ్యలో "ఫైలు ఇప్పటికే ఉంది, తుడిచి రాయమంటారా?" అని అడిగి జవాబు కోసం ఆగుతుంది, అడిగింది మీకు కనబడకపోవచ్చు కూడా, ఎందుకంటే ఆ ప్రశ్న చివర కొత్త పంక్తి ఉండదు, మీరు పంక్తులుగా చదువుతున్నారు. డెవ్‌నల్ ఇస్తే దానికి వెంటనే ఫైలు ముగింపు అందుతుంది, తప్పు చూపించి బయటికి వస్తుంది. వేలాడుతూ ఉండిపోవడం కంటే తప్పు చూపించి పడిపోవడం వెయ్యి రెట్లు నయం. కన్సోల్ లేకుండా ప్యాక్ చేసిన విండోస్ అప్లికేషన్లలో "హ్యాండిల్ ఈజ్ ఇన్‌వ్యాలిడ్" అనే ఎర్రర్ ఒకటి వస్తుంటుంది, దానికీ చాలాసార్లు ఇదే మందు.

షెల్ ట్రూ (కమాండ్‌ని నేరుగా కాకుండా షెల్ ద్వారా నడపమనే ఆప్షన్) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కమాండ్‌ని ఒకే స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా ఇవ్వండి. యూజర్ ఎంచుకున్న ఫైలు పేరులో ఖాళీ ఉంటే స్ట్రింగ్ రెండు ముక్కలవుతుంది, సెమికోలన్ ఉంటే (ఎందుకుంటుంది అనకండి, ఉంటుంది) దాని తర్వాతది వేరే కమాండ్‌గా నడుస్తుంది. లిస్టులో ఇచ్చిన పేరు ఎంత వంకరగా ఉన్నా ఒకే ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది. షెల్ ఎందుకు వద్దో రెండో కారణం స్టాప్ బటన్ పెట్టినప్పుడు తెలుస్తుంది.

స్టాప్ బటన్‌కి "టెర్మినేట్" పిలిస్తే సరిపోతుందనుకుంటాం. షెల్ ద్వారా నడిపితే మీరు చంపేది షెల్‌ని, దాని కింద నడిచే అసలు ప్రోగ్రామ్ హాయిగా నడుస్తూనే ఉండొచ్చు. షెల్ లేకపోయినా మీ స్క్రిప్ట్ ఇంకో ప్రోగ్రామ్‌ని పిలిచి ఉంటే అదే పరిస్థితి. పైగా ఆ మనవడి (మీ స్క్రిప్ట్ పిలిచిన ప్రోగ్రామ్) చేతిలో మీ పైపు రెండో కొస ఇంకా ఉంటుంది, కాబట్టి స్క్రిప్ట్ చచ్చినా మీ చదివే థ్రెడ్‌కి ముగింపు రాదు, అది అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటుంది, స్టాప్ నొక్కినా "నడుస్తోంది" అనే చూపిస్తారు. లినక్స్, మ్యాక్‌లో పోపెన్‌కి "స్టార్ట్ న్యూ సెషన్" ట్రూ ఇచ్చి, ఆపేటప్పుడు ఆ గ్రూపు మొత్తానికి "కిల్‌పీజీ"తో సిగ్నల్ పంపండి. ముందు మర్యాదగా టెర్మ్ సిగ్నల్, రెండు మూడు సెకన్లు చూసి అప్పటికీ ఉంటే కిల్. విండోస్‌లో ఆ మర్యాద లేదు, అక్కడ టెర్మినేట్ అన్నా కిల్ అన్నా ఒకటే, సర్దుకునే అవకాశం ఇవ్వకుండా చంపేస్తుంది, అది కూడా ఆ ఒక్కదాన్నే. పిల్లలతో సహా పోవాలంటే "టాస్క్‌కిల్"ని టి, ఎఫ్ స్విచ్‌లతో పిలవడం తేలిక మార్గం, జాబ్ ఆబ్జెక్ట్ (ప్రాసెస్‌లని ఒక గుంపుగా కట్టే విండోస్ సౌకర్యం) వాడటం గట్టి మార్గం. జాబ్ ఆబ్జెక్ట్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, మీ అప్లికేషనే క్రాష్ అయినా పిల్లల్ని విండోస్ తుడిచేసేలా పెట్టుకోవచ్చు.

అయిపోయాక ఎగ్జిట్ కోడ్ తప్పకుండా చూడండి, చూడటమే కాదు, యూజర్‌కి చూపించండి. 0 అంటే సరిగ్గా ముగిసింది. పైథాన్ స్క్రిప్ట్ ఎక్సెప్షన్‌తో పడితే 1. లినక్స్‌లో మైనస్ సంఖ్య వస్తే ఆ నంబరు సిగ్నల్‌తో చచ్చిందని. మైనస్ 9 వచ్చి, మీరెవరూ చంపలేదంటే మెమరీ చాలక సిస్టమే చంపి ఉంటుందని నేను మొదట అనుమానిస్తాను. విండోస్‌లో 3221225477 లాంటి వింత సంఖ్య చూసి బెదరకండి, అది యాక్సెస్ వయొలేషన్, అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుని కూలింది. ఇంకో చిన్న సంగతి, "పోల్" పిలిచి ప్రాసెస్ అయిపోయిందని తెలియగానే చదవడం ఆపెయ్యకండి, చివరి పంక్తులు పైపులో ఇంకా ఉండొచ్చు, సాధారణంగా అసలు ఎర్రర్ ఉండేది ఆ చివరి పంక్తుల్లోనే. ముందు ముగింపు దాకా చదవండి, తర్వాత వెయిట్ పిలవండి, ఆ తర్వాత క్యూలో "అయిపోయింది" అనే గుర్తు వెయ్యండి.

టికింటర్ కాకుండా వేరేవి వాడే వాళ్లకి క్లుప్తంగా. క్యూటీ అయితే క్యూప్రాసెస్ వాడండి, థ్రెడ్ అక్కర్లేదు, డేటా వచ్చినప్పుడు సిగ్నల్ ఇస్తుంది. ఎలక్ట్రాన్‌లో "ఎగ్జెక్" కాకుండా "స్పాన్" వాడండి, ఎగ్జెక్ అవుట్‌పుట్ మొత్తం పోగుచేస్తుంది, నోడ్ 12 నుంచి దాని డిఫాల్ట్ హద్దు 1 ఎంబీ, దాటితే చైల్డ్‌ని చంపేస్తుంది. డాట్‌నెట్‌లో రెండు పైపుల్నీ ఈవెంట్లతో చదవాలి, ఒకటి "రీడ్ టు ఎండ్" చేసి తర్వాత రెండోది చదివితే నా 328వ ఫైలు కథే.

అసలు వేరే ప్రాసెస్ ఎందుకు, స్క్రిప్ట్‌ని ఇంపోర్ట్ చేసి ఫంక్షన్‌లా పిలిస్తే పోదా అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు కింద అడుగుతారు. చిన్న పని అయితే పిలవండి, హాయి. కానీ స్క్రిప్ట్ కూలినా విండో బతకాలి, మధ్యలో ఆపగలగాలి అంటే వేరే ప్రాసెస్సే కావాలి. పైథాన్‌లో ఒక థ్రెడ్‌ని బయటి నుంచి చంపే పద్ధతి లేదు, ప్రాసెస్‌ని చంపవచ్చు.

చివరిగా నేను పరీక్షించే పద్ధతి. నా దగ్గర కావాలనే చెడ్డగా రాసిన స్క్రిప్ట్ ఒకటుంది, ఇలాంటి విండో ఏది రాసినా ముందు దాని మీద నడుపుతాను. అది మొదట స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రెండు లక్షల బైట్లు పోస్తుంది, తర్వాత సెకనుకొక తెలుగు పంక్తి చొప్పున పది ప్రింట్ చేస్తుంది, కొత్త పంక్తి లేకుండా ఒక ప్రశ్న అడుగుతుంది (ఆ ముగింపు ఎర్రర్‌ని మాత్రం పట్టుకుని ముందుకే సాగుతుంది), ఒక చెత్త బైటు పంపుతుంది, పది నిమిషాలు నిద్రపోయే ఇంకో ప్రాసెస్‌ని మొదలుపెడుతుంది, ఆఖరికి కోడ్ 3తో బయటికి పోతుంది. దాన్ని పేరులో ఖాళీ (స్పేస్) ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, ఐకాన్ నొక్కి తెరిచిన అప్లికేషన్ నుంచి నడిపి, ఒకసారి మధ్యలో స్టాప్ నొక్కి, ఇంకోసారి ఆ నిద్రపోయే ప్రాసెస్ మొదలయ్యాక విండోనే మూసేసి, టాస్క్ మేనేజర్‌లో అదింకా ఉందేమో చూడండి. ఉంటే స్టాప్ దగ్గర చెప్పిన గ్రూపు సంగతి మళ్లీ చదవండి. ఇవన్నీ చేశాక కూడా మీ స్క్రిప్ట్ ఆగిపోతుంటే, అది లోపల ఇంకేం ప్రోగ్రామ్‌ని పిలుస్తోందో, ఏ ఆపరేటింగ్ సిస్టమో, ఆగే ముందు వచ్చిన చివరి పంక్తి ఏమిటో ఇక్కడ రాయండి, చూస్తాను.